వేదవతి లోయ చరిత్ర – 7: పొలిమేర దాటని కంచు

అనంతపురం జిల్లా పడమటి కొసన, గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప ఆనకట్ట దగ్గర నిలిచి, అక్కడి నుంచి ఉత్తరానికి సాగి బళ్ళారి సీమలో తుంగభద్రను చేరే వేదవతికి హగరి అని మరో పేరుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు అటూ ఇటూగా మాత్రమే నోచుకునే ఈ పీఠభూమిలో ఆ ఏరు ఎక్కువ కాలం నీటికన్న ఇసుకనే చూపిస్తుంది. అయినా రెండు వేల ఏళ్ళ కిందట దాని పరీవాహక ప్రాంతానికి సముద్రాల అవతలి వర్తకంతో సంబంధం ఉండేదనడానికి సాక్ష్యం ఈ భూమిలోనే దొరికింది. క్రితం భాగంలో వివరించిన బ్రహ్మగిరి రాయదుర్గానికి పడమరగా మొలకాల్మూరు తాలూకాలో, అశోకుడి శిలాశాసనం పక్కనే ఉండగా, చంద్రవల్లి అనే మరో ప్రాచీన జనావాసం ఇంకా పడమరకు, చిత్రదుర్గం కొండల ఒడిలో ఉంది. చంద్రవల్లిని 1929 ప్రాంతంలో మైసూరు పురావస్తు శాఖ తరఫున ఎం.హెచ్. కృష్ణ, ఆపైన 1947లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తరఫున మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు, శాతవాహనుల కాలపు సీసపు నాణేలతో పాటు రోమన్ చక్రవర్తులైన అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు బయటపడ్డాయి.

తెలుగు నేలలో రోమన్ నాణేలు దొరకడం అరుదైన విషయం కాదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒకే నిధిగా 1,500కు మించిన వెండి నాణేలు దొరికాయి. నంద్యాల, వినుకొండ ప్రాంతాలలో బంగారు నాణేలు వెలుగు చూశాయి. నాగార్జునకొండ, కొండాపురం, పెద్దబంకూరు తవ్వకాలలోనూ రోమన్ నాణేలు కనిపించాయి. అయితే ఈ జాబితాను ఓపికగా చదివే పాఠకుడికి ఒక లోటు తట్టక మానదు. ఇవన్నీ బంగారం, లేదా వెండి. రోము నగరంలో రొట్టె కొనడానికీ, స్నానశాలలో అడుగుపెట్టడానికీ, సారాయి దుకాణంలో ఒక గిన్నె తాగడానికీ రోజూ చేతులు మారిన కంచు, ఇత్తడి, రాగి నాణేలు, తొలి రెండు శతాబ్దాలకు చెందినవి, దక్కను లోపలి భాగంలో లెక్కకు వచ్చేంతగా లేవు. చక్రవర్తి తన ప్రజలతో చెప్పదలచుకున్న మాటలను అన్నిటికన్న విశాలంగా, అన్నిటికన్న శ్రద్ధగా చెక్కించినది ఆ చవక లోహం మీదే కావడం వల్ల, అది ఇక్కడికి రాకపోవడానికి కారణం వెతకడం, రెండు రాజ్యాలలో నాణెం చేసిన పని ఏమిటో తెలుసుకోవడంతో సమానమవుతుంది.

ముందుగా ఆ నాణేల వరసను తెలుసుకోవాలి. క్రీస్తు పూర్వం 20 ప్రాంతంలో అగస్టస్ స్థిరపరచిన పద్ధతి ప్రకారం అన్నిటికన్న పెద్ద నాణెం ఔరియస్ అనే బంగారు కాసు. దానికి 25 డెనారియస్‌లు, అంటే వెండి నాణేలు, సమానం. ఒక డెనారియస్‌కు నాలుగు సెస్టర్షియస్‌లు, ఒక సెస్టర్షియస్‌కు రెండు డుపోండియస్‌లు, ఒక డుపోండియస్‌కు రెండు ఆస్‌లు, ఒక ఆస్‌కు నాలుగు క్వాడ్రాన్స్‌లు. చరిత్రకారులు ఈ చివరి నాలుగింటినీ కలిపి కంచు నాణేలని వ్యవహరించడం వాడుక అయినా, లోహ శాస్త్రం ప్రకారం ఆ పేరు పూర్తిగా సరిపోదు: రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి అవుతాయి గనుక, సెస్టర్షియస్, డుపోండియస్ నిజానికి బంగారు ఛాయలో మెరిసే ఇత్తడి నాణేలు, ఆస్, క్వాడ్రాన్స్ ఎర్రని రాగివి. కొత్తగా టంకశాల నుంచి వచ్చినప్పుడు రంగును బట్టే విలువ తెలిసిపోయేది. ఇప్పుడు మ్యూజియం అద్దాల వెనక అవన్నీ ఒకే ముదురు ఆకుపచ్చగా కనిపించడం మట్టిలో గడిపిన శతాబ్దాల ఫలితం. పాంపే నగరంలో ఒక దుకాణం గోడ మీద మిగిలిన రాత ప్రకారం ఒక ఆస్‌కు మామూలు ద్రాక్షసారాయి, నాలుగు ఆస్‌లకు మేలు రకం దొరికేవి; స్నానశాల రుసుము ఒక క్వాడ్రాన్స్. అగస్టస్ కాలంలో కాలిబంటు సైనికుడి ఏడాది జీతం 225 డెనారియస్‌లు, అంటే 900 సెస్టర్షియస్‌లు.

సెస్టర్షియస్ దాదాపు 25 గ్రాముల బరువుతో, మూడు సెంటీమీటర్లకు మించిన అడ్డుకొలతతో, అరచేతిని నింపే నాణెం. అంత విశాలమైన జాగా బంగారు కాసు మీద గాని, వెండి నాణెం మీద గాని లేదు. అందువల్ల అచ్చులు చెక్కే పనివారు తమ నేర్పునంతా దీని మీదే చూపించగలిగారు. నాణేనికి తెలుగువారు బొమ్మ, బొరుసు అని రెండు పేర్లు పెట్టుకున్నారు. రోమన్ నాణేనికి ఆ పేర్లు అతికినట్టు సరిపోతాయి. బొమ్మ వైపు చక్రవర్తి తల, సాధారణంగా పక్కనుంచి చూసినట్టు, చుట్టూ ఆయన బిరుదులు పొడి అక్షరాలలో ఉంటాయి: సేనాధిపతి అని, ప్రధాన పురోహితుడు అని, కాన్సల్ పదవి ఎన్నిసార్లు చేపట్టాడో ఆ సంఖ్య, ప్రజల పక్షాన ఏటేటా కొత్తది చేసుకునే ట్రిబ్యూన్ అధికారం ఎన్నో ఏడో ఆ సంఖ్య. ఈ సంఖ్యల పుణ్యమా అని చరిత్రకారుడు చాలా రోమన్ నాణేలను ఒక్క ఏడాది తేడా కూడా రాకుండా కాలనిర్ణయం చేయగలుగుతున్నాడు. శాతవాహనుల నాణేల మీద సంవత్సరం లేకపోవడం వల్ల దక్కను చరిత్రలో దశాబ్దాల తరబడి సాగిన వాదాలను గుర్తు చేసుకుంటే ఆ సంఖ్యల విలువ బోధపడుతుంది. బొరుసు వైపు చాలా కంచు నాణేల మీద ఎస్, సి అనే రెండు అక్షరాలు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. సెనేట్ తీర్మానం మేరకు అని వాటి అర్థం. రాజ్యాధికారమంతా ఒక్కడి చేతికి వచ్చిన తర్వాత కూడా పాత గణరాజ్య సభ పేరును చిల్లర మీద నిలపడం అగస్టస్ రాజనీతిలో ఒక భాగం. ఆ తీర్మానం నాణెం ముద్రణకు సంబంధించినదా, నాణెం మీది గౌరవ చిహ్నాలకు సంబంధించినదా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు.

ముఖాల విషయంలో రోమన్ శిల్పులు చూపిన నిర్దాక్షిణ్యమైన సత్యసంధత ఆశ్చర్యపరుస్తుంది. నీరో పదహారేళ్ళ కుర్రవాడుగా సింహాసనమెక్కినప్పటి లేత ముఖం, పద్నాలుగేళ్ళ పాలన చివరికి మెడ లావెక్కి, గడ్డం కింద కండ వేలాడి, నొక్కుల జుట్టుతో బరువెక్కిన వైనాన్ని నాణేలను వరసగా పేర్చి చూడవచ్చు. ముసలి గాల్బా ముడతలు, వెస్పేసియన్ బట్టతల, రైతు దవడ ఏ మాత్రం దాచకుండా అచ్చులోకి ఎక్కాయి. రాజును దేవతల అందంతో చూపించే గ్రీకు సంప్రదాయానికి ఇది భిన్నమైన దారి. ఈ ముఖాన్ని ఎన్నడూ చూడబోని లక్షల మంది ప్రజలకు, ఈయనే మీ చక్రవర్తి, ఇలా ఉంటాడు అని పరిచయం చేసే పని చిల్లర నాణేనిది.

బొరుసు మీద కనిపించేది రాజ్యం తన గురించి తాను చెప్పుకునే కథ. కొన్ని కథలు జయాన్ని చాటేవి. యూదయ తిరుగుబాటును అణచిన తర్వాత క్రీస్తు శకం 71లో వెస్పేసియన్ ముద్రించిన సెస్టర్షియస్ మీద ఒక ఖర్జూర చెట్టు, దాని కింద తల వాల్చి కూర్చున్న స్త్రీ కనిపిస్తారు. ఆమె ఓడిన దేశం. ఆ దుఃఖమూర్తిని అంత నైపుణ్యంతో చెక్కిన చేతిని మెచ్చుకుంటూనే, ఒక జాతి వేదనను చిల్లర నాణెంగా చేతులు మార్పించిన పాలన కఠినత్వాన్ని గుర్తించక తప్పదు. మరికొన్ని కట్టడాలను చూపించేవి: నీరో ఓస్టియా రేవు, పై నుంచి చూసినట్టు, అలల మీద ఓడలతో సహా ఒక సెస్టర్షియస్‌లో ఇమిడింది, టైటస్ 80లో ప్రారంభించిన మహా రంగస్థలం కొలోసియం, అంతస్తులూ జనమూ కనిపించేలా మరో దానిలో ఒదిగింది.

కరవు సీమ పాఠకుడికి వీటికన్న దగ్గరగా తోచే నాణేలు ఇంకొన్ని ఉన్నాయి. క్రీస్తు శకం 17లో ఆసియా మైనర్‌ను కుదిపిన భూకంపంలో పన్నెండు నగరాలు దెబ్బతినగా, అన్నిటికన్న ఎక్కువ నష్టపోయిన సార్డిస్‌కు టైబీరియస్ కోటి సెస్టర్షియస్‌ల సాయం ప్రకటించి, అయిదేళ్ళ పన్ను మాఫీ చేశాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ నమోదు చేశాడు; ఆ తర్వాత అయిదారేళ్ళకు వచ్చిన ఇత్తడి నాణెం మీద కూర్చున్న చక్రవర్తి చుట్టూ, ఆసియా నగరాలు తిరిగి నిలబెట్టబడ్డాయన్న భావం గల లాటిన్ వాక్యం ఉంది. నీరో నాణెం ఒక దాని మీద పంటల దేవత సెరెస్ ఎదుట ధాన్యపు సరఫరాకు అధిదేవత అయిన అన్నోనా నిలబడి ఉంటుంది, ఇద్దరి మధ్య ధాన్యం కొలిచే మానిక, వెనక ఈజిప్టు గోధుమలు తెచ్చే ఓడ కొస. నగర జనానికి తిండి గింజలు ఆగవన్న హామీ అది. కలిగులా క్వాడ్రాన్స్ వంటి అతి చిన్న రాగి బిళ్ళ మీద కూడా, అమ్మకాల మీద ఉన్న రెండు వందలకు ఒక వంతు పన్నును తీసివేసిన సంగతిని మూడు పొడి అక్షరాలలో రాయించాడు. హేడ్రియన్ రాజ్యానికి వచ్చిన కొత్తలో, 118 ప్రాంతంలో, ఖజానాకు జనం బాకీపడిన 90 కోట్ల సెస్టర్షియస్‌లను రద్దు చేసి, ఆ పత్రాలను నలుగురూ చూస్తుండగా తగలబెట్టించాడు. ఆ సంవత్సరాల సెస్టర్షియస్ మీద అధికార చిహ్నమైన దండం పట్టిన భటుడు కాగితాల కుప్పకు కాగడా అంటిస్తూ కనిపిస్తాడు, చుట్టూ రద్దయిన మొత్తం అంకెతో సహా ఉంటుంది. అప్పు పత్రం కాలిపోవడాన్ని ఇంత స్పష్టంగా చూపిన నాణెం ప్రపంచ చరిత్రలో మరొకటి చూపడం కష్టం. ఉపకారం చేయడం ఒక ఎత్తు, చేసిన సంగతి ప్రతి సంచిలోకీ ప్రతి కొంగుముడిలోకీ చేరేలా చూడడం మరో ఎత్తు అని ఆ పాలకులకు బాగా తెలుసు.

ముఖానికి ఇంత శక్తి ఉన్నందువల్లనే దాన్ని చెరిపివేయడమూ రాజకార్యం అయింది. కలిగులా హత్య తర్వాత, 43లో, అతడి ముఖం గల కంచు నాణేలను కరిగించాలని సెనేట్ తీర్మానించినట్టు చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. ఆ తీర్మానం కంచు నాణేల గురించి కావడం గమనించదగినది. జనం కళ్ళ ముందు రోజూ తిరిగే ముఖం అదే మరి.

ఈ కంచు ఎంత దూరం ప్రయాణించింది? రైన్ నది సరిహద్దులోని సైనిక శిబిరాలలో అగస్టస్ కాలపు ఆస్‌లు కుప్పలుగా దొరికాయి. వాటిలో చాలా వాటి మీద సేనాధిపతి వారుస్ పేరు పొడి అక్షరాలు అదనపు ముద్రగా కొట్టి ఉన్నాయి. చిల్లర చాలక సైనికులు ఒక ఆస్‌ను నిలువునా రెండు ముక్కలు చేసి అర ఆస్‌లుగా వాడుకున్న ఆనవాళ్ళూ ఉన్నాయి. 43లో క్లాడియస్ సైన్యం బ్రిటన్‌లో దిగిన తర్వాత, టంకశాల సరఫరా సరిపోక, అక్కడే అతడి రాగి నాణేలకు నకళ్ళు పోసుకున్నారు. కంచు నాణెం సైనికుడి జీతం వెంట నడిచిందని దీని వల్ల తేటపడుతుంది. రోమన్ పన్ను వసూలుదారుడు ఆ ఇత్తడిని నాలుగో వంతు డెనారియస్‌గా తిరిగి తీసుకుంటాడన్న నమ్మకం ఉన్నంత మేరే దానికి ఆ విలువ. ఆ నమ్మకం లేని చోట అది పాతిక గ్రాముల లోహపు ముక్క. రోమన్ సైన్యం అడుగుపెట్టని దక్కనుకు వర్తకుడు మాత్రమే వచ్చాడు గనుక, వర్తకుడు మోయదగిన లోహమే వచ్చింది.

ఆ మోత లెక్కను వేసి చూడవచ్చు. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లకు తక్కువ కాకుండా రోమన్ సామ్రాజ్యం నుంచి రాబట్టుకుంటున్నదని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో చెప్పాడు. సెస్టర్షియస్ ఇక్కడ కేవలం లెక్క కట్టే కొలమానం. నిజంగా అంత సొమ్మును ఇత్తడి రూపంలో ఓడలకు ఎక్కించి ఉంటే, ఒక్కొక్కటి 25 గ్రాముల చొప్పున బరువు 12 లక్షల 50 వేల కిలోలు అయ్యేది. అదే విలువ బంగారంలో 5 లక్షల ఔరియస్‌లు. ప్లినీ నాటి కాసు బరువు ఏడు గ్రాముల పైచిలుకు గనుక, మొత్తం నాలుగు వేల కిలోలకు లోపే. ప్లినీ చెప్పిన అంకె అతిశయమని అనుమానించే చరిత్రకారులు ఉన్నారు, కాని అంకె పెద్దదైనా చిన్నదైనా ఈ నిష్పత్తి మారదు. ఎర్రసముద్రం దాటి, ఋతుపవనాల గాలి పట్టుకొని పడమటి తీరాన దిగి, ఎడ్ల మీద కనుమలు ఎక్కి చంద్రవల్లి దాకా రావలసిన సరుకు ఏ లోహంలో ఉండాలో వర్తకుడికి ఒకరు చెప్పనక్కర లేదు. ఎర్ర సముద్రపు యాత్రాదర్శిని అని పేరుపడ్డ మొదటి శతాబ్దపు గ్రీకు పుస్తకం భరుకచ్ఛం రేవుకు దిగుమతి అయ్యే సరుకుల వరసలో బంగారు, వెండి నాణేలను చేర్చి, వాటిని స్థానిక నాణేలతో మార్చుకుంటే లాభం వస్తుందని స్పష్టంగా చెబుతుంది. అదే వరసలో రాగి, తగరం, సీసం కూడా ఉన్నాయి, కాని అవి నాణేలుగా కాక ముడి లోహంగా.

చక్రవర్తి ముఖం ఈ దేశంలో ఎలా కనబడిందో చెప్పే కథ ఒకటి ప్లినీ గ్రంథంలోనే ఉంది. గాలికి కొట్టుకుపోయి సింహళం చేరిన ఒక రోమన్ పన్ను గుత్తేదారు విముక్త దాసుడి దగ్గర దొరికిన డెనారియస్‌లను ఆ ద్వీపపు రాజు పరిశీలించి, వాటి మీది తలలు వేరు వేరుగా ఉండడం చూసి అవి అనేక మంది రాజులు ముద్రించినవని గ్రహించి, అయినా అన్నిటి బరువు ఒకటే ఉండడంతో రోమన్ల నిజాయితీకి అబ్బురపడ్డాడట. కథ ఎంత వరకు జరిగిందో గాని, చూపు మాత్రం అచ్చమైన ఈ దేశపు చూపు. ముఖాలు అక్కడ గుర్తుపట్టే గుర్తులు మాత్రమే. మెప్పు పొందింది తూకం. దక్షిణాపథపు నిధులు ఈ సంగతినే బలపరుస్తాయి. ఇక్కడ దొరికిన డెనారియస్‌లలో అత్యధికం రెండే రకాలు: అగస్టస్ మనుమలు గయస్, లూసియస్ డాళ్ళు పట్టుకొని నిలిచినవి, టైబీరియస్ తలతో వెనుక ఆసీనురాలైన స్త్రీమూర్తి గలవి. రెండూ గాల్‌లోని లుగ్దునుం, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్, టంకశాలలో పెద్ద ఎత్తున ముద్రించినవి. నీరో 64లో వెండి నాణెపు బరువునూ స్వచ్ఛతనూ తగ్గించిన తర్వాత వచ్చిన డెనారియస్‌లు భారతదేశంలో చాలా అరుదు. పాత బొమ్మను అడిగి పుచ్చుకున్న వర్తకుడికి టైబీరియస్ మీద అభిమానం లేదు, ఆ బొమ్మ మేలిమి వెండికి హామీ అయింది.

బంగారు కాసుల సంగతి ఇంకా విలక్షణమైనది. తమిళనాడులోని పుదుక్కోట దగ్గర 1898లో దొరికిన 501 ఔరియస్‌లలో అత్యధిక భాగం మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలితో కోత పెట్టి ఉంది, ఇక నాణెంగా చెల్లదు, బంగారంగానే లెక్క అని చాటడానికి కాబోలు. మరో వైపు, నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా చిన్న గుడి శిథిలాల కింద బయటపడ్డ కుండలోని రెండో శతాబ్దపు కాసుల గురించి 1787లో మద్రాసు మాజీ గవర్నర్ డేవిడ్సన్ రాసిన లేఖలో, కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు ఉన్నాయనీ, కొన్నిటికి ఆభరణాలుగా ధరించడానికి రంధ్రాలు ఉన్నాయనీ కనిపిస్తుంది. మెడలో కాసులపేరు వేసుకునే తెలుగు ఇంటికి ఈ వాడకాన్ని వేరే వివరించనక్కర లేదు. కొండాపురం తవ్వకాలలో మట్టితో చేసిన బిళ్ళలు కూడా దొరికాయి. రోమన్ నాణెపు ముద్రను దించి, దండలో గుచ్చుకోవడానికి పైన రంధ్రం పెట్టినవి. బంగారం కొనలేని మెడకు మట్టి టైబీరియస్ అలంకారమయ్యాడు. చక్రవర్తి ముఖం తన రాజ్యంలో ఆజ్ఞగానూ, ఇక్కడ నగగానూ నిలవడం, ఒకే బొమ్మకు పట్టిన రెండు గతులు.

ఇక వేదవతి లోయలో చిల్లర పని ఎవరు చేశారన్న ప్రశ్న మిగులుతుంది. సీసం చేసింది. శాతవాహనులు, వారి కింది మహారథులు దక్కను అంతటా సీసంతోనూ, రాగి, తగరం, సీసం కలిసిన పోటిన్ అనే మిశ్రమ లోహంతోనూ నాణేలు ముద్రించారు. చిత్రదుర్గం ప్రాంతంలో దొరికిన బరువైన సీసపు నాణేల మీద ఒక వైపు మూపురం ఎత్తిన ఎద్దు, దాని చుట్టూ సదకణ కళలాయ మహారథి పేరు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. రెండో వైపు కంచె కట్టిన చెట్టు, దాని పక్కన మూడు వంపుల కొండ గుర్తు. ఇతర శాతవాహన నాణేల మీద ఏనుగు, సింహం, గుర్రం, నాలుగు వృత్తాల ఉజ్జయినీ చిహ్నం కనిపిస్తాయి. కోరమండల తీరంలో దొరికే సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది; నీరో ఓస్టియా రేవు ఓడలను చూసి చెక్కారని అనడానికి ఆధారం లేదు, చూడవలసిన అవసరమూ లేదు, ఆ ఓడలు తెలుగు తీరంలోనే లంగరు దించేవి. గమనించవలసిన సంగతి మరొకటి: జనసామాన్యం చేతిలో తిరిగే ఈ సీసం మీద రాజు ముఖం లేదు. పేరు ఉంది, బిరుదు ఉంది, తల్లి పేరుతో చెప్పిన వంశం ఉంది; ముఖానికి బదులు ఎద్దు, చెట్టు, కొండ. రైతుకు, పశువుల కాపరికి ఏది చూపితే రాజ్యం గుర్తుకు వస్తుందన్న విషయంలో శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానానికీ రోముకూ అభిప్రాయం వేరు.

శాతవాహనులకు ముఖచిత్రం తెలియక కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణేల మీద ప్రతిమలు ఉన్నాయి. కొట్టొచ్చే ముక్కు, చుట్టలు తిరిగిన జుట్టు, చెవిపోగులతో అవి ఎవరివో గుర్తుపట్టదగినంత స్పష్టంగా ఉంటాయి. ఈ అలవాటు నేరుగా రోము నుంచి కాక, గుజరాత్, మాళవ ప్రాంతాలను ఏలిన పశ్చిమ క్షత్రపుల మీదుగా వచ్చింది. వారిలో క్షహరాత వంశపు నహపానుడి వెండి నాణేల మీద తల చుట్టూ గ్రీకు లిపిలో రాసిన ప్రాకృతం ఉంటుంది. గౌతమీపుత్రుడు నహపానుడిని ఓడించిన తర్వాత ఆ నాణేలను కరిగించలేదు. ఓడినవాడి ముఖం మీద తన కొండ గుర్తునూ ఉజ్జయినీ చిహ్నాన్నీ కొట్టి తిరిగి చలామణిలోకి వదిలాడు. నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో 1906లో దొరికిన 13,000కు పైబడిన నాణేలలో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా తిరగముద్రించినవే. కలిగులా ముఖాన్ని కొలిమిలో వేసిన సెనేట్ పద్ధతికీ దీనికీ ఉన్న తేడాను లోహపు పొదుపుగా మాత్రమే చూడడం సరికాదు. ఓడిన ముఖం కింద నుంచి కొద్దిగా కనిపిస్తూ ఉండడమే విజేతకు ఎక్కువ ప్రయోజనకరం.

శాతవాహన ప్రతిమా నాణేలు తెలుగు పాఠకుడికి ఇంకో కారణంగా ముఖ్యమైనవి. బొమ్మ వైపు ప్రాకృతంలో ఉన్న రాజు పేరే బొరుసు వైపు ఒక ద్రావిడ భాషలో, 'కు' అన్న ప్రత్యయంతో, ఉంది. అది నాటి తమిళమా, తెలుగుకు పూర్వరూపమా అన్న చర్చ తెగలేదు. భాష పేరు ఏదైనా, ఆస్థానపు ప్రాకృతం చాలదు, మారకపు మనుషుల నోటి మాట కూడా నాణెం మీద ఉండాలని ఒక టంకశాల అనుకున్నదన్న సంగతి మాత్రం స్థిరం. రోమన్ నాణెం తెచ్చిపెట్టిన మాట కూడా ఇక్కడ నిలిచింది: డెనారియస్ దీనారమైంది. నాగార్జునకొండ శాసనాలలో ఒకటి, ఉజ్జయినీ రాజపుత్రికగా చెప్పుకున్న మహాదేవి రుద్రధరభట్టారిక మహాచైత్యం దగ్గర స్తంభం నిలపడానికి 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు నమోదు చేస్తుంది. ముఖం కరిగిపోయిన తర్వాత కూడా పేరు బతికింది.

రోమన్ రాగి అసలే రాలేదని దీని అర్థం కాదు. వచ్చింది, కాని ఆలస్యంగా, వేరే దారిన. నాలుగు, అయిదు శతాబ్దాలలో సామ్రాజ్యపు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు మారి, సెస్టర్షియస్ కనుమరుగై, గోటి బిళ్ళంత రాగి నాణేలు మిగిలిన రోజులలో, ఆ చిన్న బిళ్ళలు వేల సంఖ్యలో సింహళానికీ, కరూరు, మదురై ప్రాంతాలకూ చేరాయి. కరూరు దగ్గర అమరావతి నది ఇసుకలో అవి ఇప్పటికీ దొరుకుతాయి. వాటి మీద పడిపోయిన రౌతును పొడుస్తున్న సైనికుడు, జెండాకు అటూ ఇటూ నిలబడ్డ భటులు, కడపటి వాటి మీద శిలువ. అరిగిపోయి ఎవరి తల అన్నది చెప్పడానికి వీల్లేని స్థితిలో అవి స్థానిక చిల్లరగా తిరిగాయి, సింహళంలో వాటికి నకళ్ళు కూడా పోశారు. అప్పటికి శాతవాహనుల సీసం ఆగిపోయి రెండు శతాబ్దాలు అయింది.

ఈ పీఠభూమి మీద రాజు పేరు సామాన్యుడి కంట పడిన మరో చోటు నాణెం కన్న మన్నికైనది. బళ్ళారి, ఆదోని సీమను ఆ రోజుల్లో శాతవాహనిహారం అనే పాలనా విభాగంగా వ్యవహరించేవారు. ఆదోనికి దగ్గరలోని మ్యాకదోని బండ మీద, శ్రీ పుళుమావి ఎనిమిదో పాలనా సంవత్సరంలో చెక్కిన ప్రాకృత శాసనం ఒకటి ఉంది. ఆ పేరు గల రాజులలో ఈయన ఎవరన్న విషయంలో వాదం ఉంది గాని శాసన విషయంలో వాదం లేదు: మహాసేనాపతి ఖందనాగుడి అధీనంలోని జనపదంలో, గుల్మిక (దళాధికారి) కుమారదత్తుడి గ్రామం వేపురకలో, సంబుడు అనే గృహపతి ఒక తటాకం తవ్వించాడు. రాజుకు దక్కింది తేదీ చెప్పే చోటు. సేనాపతికీ, గుల్మికుడికీ ఊరి ఆనవాలు చెప్పే చోటు. చెరువు మాత్రం సంబుడిది.